మందుకు తోడుగా మొక్క

భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల అడవుల్లో పాలకొడిశ చెట్టు కొత్తేమీ కాదు. తెల్లని పూలు, తెంపితే పాలు కారే కొమ్మలు, జంటజంటలుగా వేలాడే సన్నని పొడవాటి కాయలు దాని గుర్తులు. ఆయుర్వేదంలో దాని పేరు కుటజం. రక్త విరేచనాలకు దాని బెరడు కషాయం శతాబ్దాలుగా వాడుకలో ఉంది. ఆ బెరడులో కోనెసిన్ అనే ఆల్కలాయిడ్ ఉంటుంది. థాయిలాండ్‌లోని ప్రిన్స్ ఆఫ్ సోంగ్‌క్లా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ కోనెసిన్‌ను సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. కాలిన గాయాల్లో, వెంటిలేటర్ మీద ఉన్న రోగుల ఊపిరితిత్తుల్లో చేరి ఒక పట్టాన లొంగని జాతి ఇది. బ్యాక్టీరియాను చంపడానికి చాలనంత తక్కువ మోతాదులో కోనెసిన్ కలిపినా, అప్పటిదాకా పనిచేయని యాంటీబయాటిక్‌లు మళ్లీ పనిచేశాయి. మొక్క పదార్థం చంపలేదు. చంపే మందుకు దారి విడిపించింది.

మొక్కల నుంచి యాంటీబయాటిక్‌ల కోసం ప్రపంచమంతటా జరిగిన వెతుకులాటలో చాలాకాలం నిర్లక్ష్యానికి గురైన కోణం ఇదే. ప్రయోగశాలలో ఒక ఆకు రసాన్ని బ్యాక్టీరియా మీద వేసి చూస్తారు. పెన్సిలిన్‌తో పోలిస్తే బలం చాలా తక్కువని తేలుతుంది. పక్కన పెట్టేస్తారు. అసలు ప్రశ్న అది కాదని గత ముప్పై ఏళ్ల పరిశోధన చెబుతోంది. ఆ రసం ఒంటరిగా ఏం చేస్తుందన్నది ఒక ప్రశ్న. మందు పక్కన నిలబడితే ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న, అంతకన్నా పెద్ద ప్రశ్న.

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపాలంటే ముందు దాని లోపలికి చేరాలి, చేరి నిలవాలి, నిలిచి తాను పట్టుకోవాల్సిన అణువును పట్టుకోవాలి. ఈ మూడింటిలో ఎక్కడ అడ్డం పడినా మందు ఓడిపోతుంది. కొన్ని బ్యాక్టీరియాలు పై పొరను మందు దూరనంత బిగువు చేసుకుంటాయి. కొన్ని మందును ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. కొన్ని మందు పట్టుకునే చోటునే మార్చేసుకుంటాయి. ఇంకొన్ని లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడేస్తాయి. బావిలో ఊట కన్నా మోటారు తోడే వేగం ఎక్కువైతే నీటిమట్టం లేవనట్టే, ఈ తోడుడు పంపులు నడుస్తున్నంత సేపూ కణం లోపల మందు చంపగలిగే స్థాయికి చేరదు.

ఇలాంటి పంపు మొదట బయటపడింది టెట్రాసైక్లిన్ విషయంలో. ఆ మందుల కుటుంబానికి తెలుగువాళ్లతో దగ్గరి బంధం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహిస్తున్న కాలంలోనే, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్‌లలో అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. అమెరికా వెళ్లకముందు ఆయన మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారన్నది ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగ్గ విషయం. సుమారు ముప్పై ఏళ్ల తరువాత, 1980లో, స్టువర్ట్ లెవీ బృందం టెట్రాసైక్లిన్‌ను బ్యాక్టీరియా బయటికి పంపేస్తోందని చూపించింది. ఆ తరువాత దాదాపు ప్రతి యాంటీబయాటిక్‌కూ ఏదో ఒక పంపు కనబడుతూ వచ్చింది. స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో నార్‌-ఎ అనే పంపు సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులను తోడేస్తుంది. గడ్డలు, సెగ్గడ్డలు, పుండ్లలో చీము పట్టించే బ్యాక్టీరియా ఇది. పాడి గేదెలకు వచ్చే పొదుగువాపులోనూ తరచు దీని చేయి ఉంటుంది.

మొక్కలకు తెల్ల రక్తకణాలు లేవు, యాంటీబాడీలు లేవు. బ్యాక్టీరియా దాడిని అవి రసాయనాలతోనే ఎదుర్కోవాలి. అలాంటప్పుడు వాటి రసాయనాలు ఇంత బలహీనంగా ఎందుకున్నాయన్న సందేహానికి అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ 2000లో ఒక చక్కని జవాబు చూపించారు. బెర్బెరిస్ జాతి మొక్కల్లో బెర్బెరిన్ అనే పసుపుపచ్చని పదార్థం ఉంటుంది. మన మందుల అంగళ్లలో దొరికే మాను పసుపు కాండానికి ఆ రంగు ఇచ్చేదీ అదే. స్టాఫిలోకాకస్ బెర్బెరిన్‌ను నార్‌-ఎ పంపుతో సులువుగా బయటికి నెట్టేస్తుంది. అయితే అదే మొక్కలో మెథాక్సీహైడ్నోకార్పిన్ అనే రెండో పదార్థం ఉంది. దానికి సొంతంగా బ్యాక్టీరియాను చంపే శక్తి లేదు. అది చేసే పనల్లా ఆ పంపును ఆపడం. పంపు ఆగాక బెర్బెరిన్ తన పని తాను చేసుకుపోతుంది. మనిషి ఇప్పుడు ప్రయోగశాలలో కట్టాలనుకుంటున్న జోడీని మొక్క ఎప్పుడో కట్టుకుని కూర్చుంది. ఈ పరిశోధన మొత్తంలో ఇంతకన్నా అందమైన ఘట్టం లేదు.

జోడీ మందు ఆలోచన వైద్యానికి కొత్తది కాదు. 1981లో బ్రిటన్‌లో విడుదలైన ఆగ్మెంటిన్‌లో అమాక్సిసిలిన్‌కు తోడుగా క్లావులానిక్ ఆమ్లం ఉంటుంది. అమాక్సిసిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును ఈ ఆమ్లం కట్టేస్తుంది. నలభై ఏళ్లు దాటినా ఆ మాత్ర ఇప్పటికీ ప్రతి మెడికల్ షాపులో అమ్ముడవుతోంది. కాకపోతే క్లావులానిక్ ఆమ్లం పుట్టింది మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, మొక్క నుంచి కాదు. మొక్కల నుంచి వచ్చి ఆసుపత్రి మాత్ర దాకా చేరిన తోడు పదార్థం ఏదైనా ఉందంటే మొదట చెప్పుకోవాల్సింది పైపెరిన్‌నే.

పైపెరిన్ మిరియాలకూ పిప్పళ్లకూ ఘాటునిచ్చే పదార్థం. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ దీన్ని 1819లో మిరియాల నుంచి వేరుచేశారు. శొంఠి, పిప్పలి, మిరియాలు కలిపిన త్రికటు చూర్ణం ఆయుర్వేద యోగాల్లో పదేపదే ఎందుకు కనిపిస్తుందన్న ప్రశ్నతో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయంలో సి.కె. అటల్ బృందం 1970ల చివర్లో పని మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ సంస్థ పేరు భారతీయ సమగ్ర వైద్య పరిశోధన సంస్థ. త్రికటులోని పైపెరిన్ ఇతర మందులు పేగు నుంచి రక్తంలోకి ఎక్కువగా చేరేలా చేస్తుందనీ, కాలేయం వాటిని తొందరగా విరిచేయకుండా ఆపుతుందనీ వాళ్లు గుర్తించారు. అంటే ఇక్కడ పైపెరిన్ సాయం చేసేది మనిషి శరీరంలో, బ్యాక్టీరియాలో కాదు. అదే సంస్థ పరిశోధకులు 2006లో రెండో సంగతి కూడా చూపించారు. స్టాఫిలోకాకస్‌లోని నార్‌-ఎ పంపును సైతం పైపెరిన్ అడ్డుకుంటుంది, సిప్రోఫ్లాక్సాసిన్ బలాన్ని పెంచుతుంది.

మొదటి గుణం ఆధారంగా అహ్మదాబాద్‌లోని క్యాడిలా ఫార్మాస్యూటికల్స్ జమ్మూ సంస్థతో కలిసి క్షయ మందు తయారుచేసింది. రిసోరిన్ అనే ఆ మందుకు 2009లో దేశంలో అనుమతి వచ్చింది. అందులో రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, ఐసోనియాజిడ్ 300, పైపెరిన్ 10. మామూలుగా అయితే పెద్దలకు రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములు పడుతుంది. మిరియపు ఘాటు పది మిల్లీగ్రాములు చేరేసరికి సగం కన్నా తక్కువ మందుతో రక్తంలో దాదాపు అదే స్థాయి వస్తోంది. నెలల తరబడి మింగాల్సిన, కాలేయానికి భారమయ్యే మందు విషయంలో ఇది చిన్న లాభం కాదు. అలాగని ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఉచితంగా ఇచ్చే మాత్రల్లోకి పైపెరిన్ చేరలేదు. అవి పాత మోతాదులతోనే, రిఫాంపిసిన్ పూర్తి పాలుతోనే ఉన్నాయి. వాటిని మింగుతున్న రోగి మిరియాల చారు తాగుతున్నాం కదా అని మాత్రల సంఖ్య తగ్గించుకుంటే అది ప్రాణాంతకమైన పొరపాటు.

ఇదే పైపెరిన్ మీద ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయంలోనూ పని జరిగింది. 1976లో వరంగల్‌లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఫార్మసీ కళాశాలలో మందులు, మొక్క పదార్థాలు ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేస్తాయన్నది చాలా ఏళ్లుగా అధ్యయనం చేస్తున్నారు. 2017లో అక్కడి నుంచి వచ్చిన ఒక పత్రంలో, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఆరోగ్యవంతులకు రోజుకు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ చొప్పున పది రోజులు ఇచ్చి, తరువాత ఫెక్సోఫెనడిన్ అనే అలర్జీ మాత్ర వేసి రక్తం పరీక్షించారు. పైపెరిన్ తీసుకున్నప్పుడు రక్తంలో మందు గణనీయంగా పెరిగింది. ఫెక్సోఫెనడిన్ యాంటీబయాటిక్ కాదు. అయినా ఈ ప్రయోగానికి ఇక్కడ చోటుంది. పేగు గోడలో కూడా మందును వెనక్కి నెట్టే పంపు ఉంటుంది, దాన్ని పైపెరిన్ ఆపుతుంది. బ్యాక్టీరియాలోనూ మనిషిలోనూ ఒకే పోలిక ఉన్న యంత్రాలు నడుస్తున్నాయన్నమాట. మొక్క పదార్థం వల్ల మేలూ చేటూ రెండూ అక్కడి నుంచే మొదలవుతాయి.

మహబూబాబాద్ జిల్లాకు మరింత దగ్గరి పదార్థం క్యాప్సైసిన్. మిరపకాయకు కారం దానివల్లే. మరిపెడ, డోర్నకల్, కురవి వైపు రైతుల పెట్టుబడీ అప్పూ ఆశా అంతా మిర్చి మీదే తిరుగుతుంటాయి. జమ్మూ సంస్థ పరిశోధకులే 2012లో క్యాప్సైసిన్ కూడా నార్‌-ఎ పంపును అడ్డుకుంటుందనీ, స్టాఫిలోకాకస్ మన కణాల్లోకి చొరబడే శక్తిని తగ్గిస్తుందనీ చూపించారు. ఇదంతా గాజు పళ్లెంలో, పెంచిన కణాల మీద జరిగిన పని. కారం తింటే చీము తగ్గుతుందని దీని అర్థం కాదు. పైగా అన్ని మిరపకాయలూ ఒకటి కావు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చికి పేరు తెచ్చింది ఎర్రని రంగు. కారం అందులో తక్కువ, అంటే క్యాప్సైసిన్ కూడా తక్కువ. ఏ మొక్క అన్నదొక్కటే చాలదు. ఏ రకం, ఏ నేల, ఏ కాలంలో కోసింది, ఎలా ఆరబెట్టింది, ఇవన్నీ తేలితే తప్ప అందులో ఎంత మందుందో చెప్పలేం.

పంపులను ఆపడం ఒక్కటే మార్గం కాదు. వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్ వంటి నూనె పదార్థాలు బ్యాక్టీరియా పై పొరను సడలించి మందు లోపలికి జొరబడేలా చేస్తాయి. తేయాకులోని ఇజిసిజి అనే పదార్థం మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ మీద ఆక్సాసిలిన్ జాతి మందుల పదును తిరిగి తెస్తుందని జపాన్ పరిశోధకులు 2001లో చూపించారు. కరక్కాయలో దండిగా ఉండే టానిన్ల జాతికి చెందిన ఎల్లాజిక్, టానిక్ ఆమ్లాలు ఆసుపత్రుల్లో పాగా వేసే అసినెటోబ్యాక్టర్ మీద కొన్ని మందుల బలం పెంచాయని 2009లో థాయిలాండ్ నుంచే మరో పత్రం వచ్చింది. పసుపులోని కర్క్యుమిన్ గురించి వందలాది పత్రాలున్నాయి. కేసముద్రం మార్కెట్‌కు పసుపు పోసే రైతుకు వినడానికి అవి సంతోషంగానే ఉంటాయి. అయితే కర్క్యుమిన్ నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది అత్యల్పం. దాని గాఢమైన రంగు, మెరుపు కొన్ని పరీక్షల్లో తప్పుడు ఫలితాలకు కారణమవుతాయి. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ చేర్చి, రక్తంలో దాని లభ్యతను 20 రెట్లు పెంచారు. మొదలే అత్యల్పం కాబట్టి 20 రెట్లయినా కొద్దిపాటిదే.

రెండు పదార్థాలు కలిసి నిజంగా ఒకదానికొకటి బలమిస్తున్నాయా, లేక వేటికవి తమ పని చేసుకుంటున్నాయా అన్నది తేల్చడానికి సూక్ష్మజీవి శాస్త్రంలో ఒక లెక్క ఉంది. గళ్ల పలకలో అడ్డంగా ఒక మందును, నిలువుగా రెండోదాన్ని అంతకంతకూ తగ్గిస్తూ పోసి, అన్ని గళ్లలోనూ బ్యాక్టీరియాను వేస్తారు. ఉదాహరణకు ఒంటరిగా 8 మైక్రోగ్రాములు కావాల్సిన యాంటీబయాటిక్ జోడీలో 1 మైక్రోగ్రాముకే పనిచేసిందనుకుందాం, అది ఎనిమిదో వంతు. మొక్క పదార్థం 100 నుంచి 25కు దిగిందనుకుందాం, అది నాలుగో వంతు. రెండు భిన్నాలూ కలిపితే 0.375. ఈ మొత్తం 0.5 లేదా అంతకు తక్కువైతేనే ఆ జోడీ నిజమైన జోడీ. 4 దాటితే ఒకదాన్నొకటి చెడగొడుతున్నట్టు. పత్రికల్లో వచ్చే ‘ఫలానా ఆకుతో సూపర్ బగ్ అంతం’ వంటి వార్తల వెనుక చాలాసార్లు ఈ లెక్కే ఉండదు. ఆకు రసం చుట్టూ పళ్లెంలో ఏర్పడిన ఖాళీ వలయం మాత్రమే ఉంటుంది.

లెక్క సరిపోయినా దారి సగమే అయినట్టు. పళ్లెంలో పంపును ఆపడానికి కావాల్సినంత పైపెరిన్ గానీ క్యాప్సైసిన్ గానీ మనిషి రక్తంలో నిలపడం దాదాపు కుదరదు. సర్పగంధి వేరులోని రెసర్పిన్ కథ ఇందుకు సాక్ష్యం. బ్యాక్టీరియా పంపులను అది ఆపుతుందని 1990ల మొదట్లోనే తెలుసు, పరిశోధనాగారాల్లో ఇప్పటికీ కొలబద్దగా వాడుతున్నారు. కానీ ఆ పనికి కావాల్సిన మోతాదు మనిషికి విషం. కోనెసిన్ కూడా మెదడులోని ఒక హిస్టమిన్ గ్రాహకానికి గట్టిగా అంటుకుంటుంది. పాలకొడిశ బెరడు నుంచి మాత్ర రావాలంటే పంపును ఆపే గుణాన్ని ఉంచి, మెదడును తాకే గుణాన్ని తీసేసిన కొత్త అణువును రసాయన శాస్త్రవేత్తలు తయారుచేయాలి.

ఈ పని ఎందుకింత అవసరమో 2019 నాటి అంచనా చెబుతుంది. ఆ ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా ప్రపంచంలో 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైంది. ప్రపంచానికి మందులు సరఫరా చేసే హైదరాబాద్ పరిసరాల్లోనే ఈ సమస్యకు మరో ముఖం ఉంది. పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. చికిత్స పొందుతున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బయటపడిన బ్యాక్టీరియాకు సిప్రోఫ్లాక్సాసిన్ అంటే భయమేముంటుంది? పల్లెల్లో జలుబుకూ ఒళ్లు నొప్పులకూ వేసే యాంటీబయాటిక్ ఇంజక్షన్లు, రెండు రోజులకే ఆపేసే కోర్సులు, కోళ్ల దాణాలో కలిపే మందులు దీనికి తోడయ్యాయి. ఆహార జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది.

జోడీ కట్టడం నిరోధకతను పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఇందుకు మంచి ఉదాహరణ బ్యాక్టీరియా వైపు నుంచి కాక మలేరియా వైపు నుంచి దొరుకుతుంది. గోదావరి ఒడ్డు అడవి పల్లెలకు మలేరియా పాత శత్రువు. చైనాలో తు యుయు ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచి తీసిన ఆర్టెమిసినిన్‌కు 2015లో నోబెల్ వచ్చింది. ఆ మందును ఒంటరిగా మాత్రల రూపంలో అమ్మడాన్ని భారత్ 2009లోనే నిషేధించింది. వేరే మందుతో జోడించి మాత్రమే ఇవ్వాలి. ఒంటరిగా వాడితే పరాన్నజీవి త్వరగా తప్పించుకుంటుందన్నది కారణం. మొక్క పదార్థాన్ని ఎంత జాగ్రత్తగా, ఎంత కచ్చితమైన మోతాదులో, ఎలాంటి కట్టుబాటుతో వాడితే నిలుస్తుందో ఆర్టెమిసినిన్ చూపిస్తోంది.

ఇంట్లో కషాయం కాచుకుని మాత్రతో పాటు తాగడంలో ఈ కట్టుబాటు ఏదీ ఉండదు. పైపెరిన్ మందులను రక్తంలో పెంచుతుందంటే, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌ను, బీపీకి వాడే ప్రొప్రనొలాల్‌ను, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్‌ను కూడా పెంచుతుంది. వీటికి ఆధారాలున్నాయి. వంటలో వేసే మిరియాలతో భయం లేదు, గాఢమైన గుళికలతోనే జాగ్రత్త కావాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ మాత్రలు పాలతో, ఇనుము, కాల్షియం ఉన్న పొడులతో కలిపి వేసుకుంటే అవి కొంతమేరకు పేగులోనే కట్టుబడిపోయి రక్తంలోకి తక్కువగా చేరతాయి. కోవిడ్ కాలంలో ఊరూరా తాగిన తిప్పతీగ రసం విషయంలో 2020లో ముంబయి వైద్యులు ఆరుగురిలో కాలేయం దెబ్బతినడం చూసి నమోదు చేశారు. ఆయుష్ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. వివాదం ఎలా ఉన్నా, యాంటీబయాటిక్ వాడుతున్న మనిషి తాను తాగుతున్న కషాయం సంగతి డాక్టరుకు చెప్పాలన్న విషయంలో రెండో మాట లేదు. చెబితే తిడతారని దాచేవాళ్లే ఎక్కువ. ఆ భయాన్ని పోగొట్టాల్సింది డాక్టర్లే.

బెరడు నాణ్యత మరో చిక్కు. మూలికల మార్కెట్లో పాలకొడిశ బెరడుకు బదులు అంకుడు చెట్టు బెరడు కలుస్తుంటుంది. ఏటికొప్పాక బొమ్మలు చెక్కే ఆ చెట్టు చూడ్డానికి దీని చుట్టంలాగే ఉంటుంది, కానీ బెరడు గుణం వేరు. ఈ తేడా అడవిలో తిరిగే కోయ, నాయకపోడు పెద్దలకు కంటితోనే తెలుస్తుంది. ఆ తెలివికి విలువ కట్టే ఏర్పాటు 2002 నాటి జీవవైవిధ్య చట్టంలో ఉంది. స్థానికుల జ్ఞానం నుంచి వచ్చిన వాణిజ్య లాభంలో వాళ్లకు వాటా ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. పసుపు గాయాలను మాన్పుతుందన్న సంగతి మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటును భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో రద్దు చేయించింది. పసుపుకు పాత గ్రంథాల ఆధారాలున్నాయి కాబట్టి గెలిచాం. నోటిమాటగానే బతుకుతున్న అడవి వైద్యానికి అలాంటి రాతపూర్వక సాక్ష్యం లేదు.

ఇలాంటి పరిశోధనను ఈ ప్రాంతంలోనే మొదలుపెట్టే వీలు ఇప్పుడుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ నుంచి విడివడి జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల అంటే సూక్ష్మజీవి శాస్త్ర విభాగం తప్పనిసరి. చీమునూ మూత్రాన్నీ పెంచి చూసి, ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో చెప్పే కల్చర్ పరీక్ష ఆ విభాగం పని. మొక్క జోడీల పరిశోధనకు అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే. ఎక్కడో అమెరికా బ్యాంకులో దాచిన బ్యాక్టీరియా మీద కాక, ఇక్కడి రోగుల పుండ్లలో, ఇక్కడి గేదెల పొదుగుల్లో ఉన్న బ్యాక్టీరియా మీద పరీక్షించాలి. దానికి పళ్లాలూ ఓపికా ఉంటే చాలు, కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. శుద్ధి చేసిన పదార్థాలు, మోతాదు లెక్కలు కాకతీయ ఫార్మసీ కళాశాల వంటి చోట్ల నుంచి అందుతాయి.

మొదటి విజయాలు మాత్రగా కాక పూతగా వచ్చే అవకాశమే ఎక్కువ. పుండు మీద రాసే మలాములో, పొదుగులోకి ఎక్కించే మందులో, మూత్రనాళానికి పెట్టే గొట్టం పైపూతలో మొక్క పదార్థం రక్తంలోకి చేరాల్సిన పని లేదు, పళ్లెంలో పనిచేసిన గాఢతను అక్కడే నిలబెట్టవచ్చు. చట్టం కూడా దారి కొంత సుగమం చేసింది. 2015లో కేంద్రం మందుల నిబంధనల్లో ఫైటోఫార్మాస్యూటికల్ అనే కొత్త తరగతిని చేర్చింది. శుద్ధి చేసిన మొక్క సారంలో కనీసం నాలుగు క్రియాశీల పదార్థాలను గుర్తించి, ఎంతెంత ఉన్నాయో కొలిచి చూపాలి. ఆ తరువాత మామూలు మందులాగే భద్రత, ఫలితం నిరూపించాలి. దాన్ని యాంటీబయాటిక్‌తో ఒకే మందుగా కలిపితే, ఆ కలయికను కొత్త మందుగా లెక్కగట్టి మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి.